అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం ఒక్క రోజులో అవుతాయా?

మీరు అడిగింది ఇది: అమ్మగారికి 70 దాటాయి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. హైదరాబాదు నుంచి విశాఖ వచ్చి, ఒక రోజుకు కారు మాట్లాడుకుని అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం చూసి రాత్రికి విశాఖ చేరాలి. వీలైతే శ్రీకూర్మంలో తాతగారికి పితృకార్యం చేయించాలి. అవుతుందా?

కారుకైతే అవుతుంది. మీ అమ్మానాన్నలకు అవదు. మీకు కూడా మూడు గుళ్ల ముందు చెప్పులు విప్పి మూడుసార్లు మళ్లీ తొడుక్కున్నట్టు తప్ప ఇంకేమీ గుర్తుండదు. శ్రీకాకుళంలో ఒక రాత్రి ఉండండి. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే, మిగిలినదంతా ఆ రెండు రోజులూ ఎలా గడపాలన్నదే.

నేను విశాఖలో ఎం.వి.పి. కాలనీలో ఉంటాను. సాంఘిక శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మగారి పుట్టిల్లు నరసన్నపేట దగ్గర. బంధువులెవరు వచ్చినా "ఆ మూడు గుళ్లూ చూపించు" అనడం, నేను కారు ముందు సీట్లో కూర్చోవడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. అన్ని సార్లు వెళ్లినదాన్ని కాబట్టి తప్పులు కూడా అన్నీ చేసి ఉన్నాను.

ఒక తప్పు చెబుతాను. ఏప్రిల్‌లో మా ఆడపడుచు, అన్నయ్యగారు వచ్చారు. మీలాగే ఒక్క రోజు పథకం. టిఫిన్లు అవీ అయ్యి బయలుదేరేసరికి 8 దాటింది, అరసవల్లిలో దర్శనం అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం, శ్రీకూర్మం చేరేసరికి తలుపులు మూసేశారు. సరే, ప్రాకారం లోపల ఒక చుట్టు తిరుగుదాం అనుకున్నాం. కింద రాతి పలకలు పెనంలా ఉన్నాయి. అన్నయ్యగారు పట్టుదల మనిషి, నేను వద్దంటున్నా నడిచారు. సాయంత్రానికి రెండు అరికాళ్లకూ బొబ్బలు. ముఖలింగం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కాబట్టి నాన్నగారికి, అమ్మగారికి ఒక్కో జత మందపాటి నూలు మేజోళ్లు సంచిలో వేసుకోండి. గుళ్లోకి మేజోళ్లేమిటని ఎవరైనా చూస్తే చూడనివ్వండి.

ఇక దూరాలు. విశాఖ నుంచి శ్రీకాకుళం 100 కిలోమీటర్ల పైచిలుకు, జాతీయ రహదారి మీదే. అరసవల్లి శ్రీకాకుళానికి ఆనుకునే ఉంది. శ్రీకూర్మం అక్కడి నుంచి సముద్రం వైపు సుమారు 15 కిలోమీటర్లు. ముఖలింగం మాత్రం ఉత్తరంగా 46 కిలోమీటర్ల దాకా, వంశధార ఒడ్డున. అన్నీ కలిపి రానుపోను 330 పైన తేలుతుంది. దానికి తోడు మధ్యాహ్నం గుళ్లు మూసే వేళలు. ఒక్క రోజు లెక్క అక్కడే తప్పుతుంది.

రైలు అనుకుంటే ఒక మాట. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. దిగాక ఇంకో పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో రావాలి. విశాఖలోని ద్వారకా బస్ స్టేషన్ నుంచి శ్రీకాకుళానికి బస్సులు రోజంతా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి వెంట ఉన్నప్పుడు మాత్రం కారే నయం.

మొదటి రోజు తెల్లవారుజామునే బయలుదేరి, శ్రీకాకుళంలో ఆగకుండా నేరుగా ముఖలింగం వెళ్లండి. అన్నిటికన్నా దూరంగా ఉన్నదాన్ని అందరూ చివరికి పెట్టుకుంటారు, చివరికి ఓపిక అయిపోయి వదిలేస్తారు. దారిలో పిల్లలుంటే వాళ్లకు నదులు లెక్కపెట్టే పని అప్పగించండి. తగరపువలసలో గోస్తని, నాతవలస దగ్గర చంపావతి, శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార. వేసవిలో వీటిలో కొన్ని ఇసుక మీద గీసిన గీతల్లా ఉంటాయి, కానీ ఈ తీరంలో రాజ్యాలైనా రేవులైనా వీటి ఒడ్డునే పుట్టాయి.

ముఖలింగం ఇప్పుడు చూస్తే పల్లెటూరు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. 1078లో పట్టానికి వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశం వాడే. పూరీ జగన్నాథాలయం కట్టించింది ఆయనే, రాజధానిని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కు తరలించిందీ ఆయన కాలంలోనే. ఆ తరవాత వచ్చిన మొదటి నరసింహదేవుడు కోణార్క కట్టించాడు. విశాఖలో మీరు దర్శనం చేసుకునే సింహాచలం గుడి నిర్మాణంతో కూడా ఆయన పేరు ముడిపడి ఉంది. పూరీకి, కోణార్కకు జనం రైళ్లు నిండి వెళతారు. ఆ వంశం మొదలైన చోట మాత్రం మామూలు రోజున గుడి ముందు పది మంది ఉంటే ఎక్కువ. నాకు ఇది ప్రతిసారీ కొంచెం కోపం తెప్పిస్తుంది, కొంచెం సంతోషం కూడా. ప్రశాంతంగా చూడవచ్చు కదా.

అక్కడ మూడు గుళ్లు: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. మధూకం అంటే ఇప్ప చెట్టు. సవర అనే గిరిజన తెగ నాయకుడి ఇద్దరు భార్యలు ఇప్పపూల కోసం తగువులాడుకుంటే, విసిగి ఆయన చెట్టునే నరికాడట, మొదట్లోంచి శివుడి ముఖం కనిపించిందట. అందుకే ముఖలింగం. గర్భగుడిలో లింగం వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది, దాన్ని చూడటం మరచిపోకండి. ఆ గుమ్మం వెడల్పుకీ ఆ గోలెం పొట్టకూ పొంతన ఉండదు. అది లోపలికి ఎలా వెళ్లిందన్నది అక్కడివాళ్లు ఒక కుమ్మరి భక్తుడి కథగా చెబుతారు. నేను రాసేస్తే బాగుండదు, అర్చకులను అడగండి, చెబుతారు.

బయట గోడల దగ్గర తొందరపడకండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ద్వారబంధాల మీది లతలు, ఆ లతల మధ్య దూరిన చిన్న చిన్న బొమ్మలు పైకి తేలతాయి. పదకొండు దాటితే అవే గోడలు చదునుగా కనిపిస్తాయి. ఊరి మొదట్లో విడిగా ఉన్న సోమేశ్వరాలయాన్ని చాలామంది కారు అద్దంలోంచి చూసి పోతారు. దిగండి. ముందు మండపం లేకుండా ఒక్క శిఖరమే నిటారుగా లేచిన ఆ కట్టడం చూస్తే, భువనేశ్వర్ గుళ్లకు ఇది దగ్గరి చుట్టమని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కొండ ఎక్కే పని లేదు కాబట్టి నాన్నగారికి ఇబ్బంది ఉండదు. మహాశివరాత్రి రోజుల్లో మాత్రం వంశధారలో చక్రతీర్థ స్నానానికి జనం విరగబడి వస్తారు, పెద్దవాళ్లతో అప్పుడు వద్దు.

ఇక్కడే ఇంకొక మనిషిని తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట ఈ చుట్టుపక్కలదే. ఈ గుళ్లలోని శాసనాలను పట్టుబట్టి సొంతంగా చదవడం నేర్చుకున్నారాయన. మీరు ప్రశ్న ఇంత మామూలు తెలుగులో అడిగారు, నేను అంతే మామూలుగా జవాబు రాస్తున్నాను. గ్రాంథికం పట్టు వదిలించడానికి ఆయన పడ్డ పాట్లు లేకపోతే ఈపాటికి మనం ఎన్ని "యున్నది"లు రాసుకునేవాళ్లమో.

నరసన్నపేటలో భోజనం చేసి శ్రీకాకుళం చేరి, మధ్యాహ్నం పెద్దవాళ్లను పడుకోనివ్వండి. సాయంత్రం ఓపిక ఉంటే నాగావళి ఒడ్డున కోటేశ్వరుడి గుడికి వెళ్లి రావచ్చు. బలరాముడు నాగలితో నేలను చీలిస్తే పారిన ఏరు కాబట్టి నాగావళి అనీ, ఒడ్డున శివుణ్ణి ప్రతిష్ఠించింది కూడా ఆయనేననీ చెబుతారు.

రెండో రోజు తెల్లవారగానే అరసవల్లి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి. సూర్యుడి వారం కాబట్టి ఆ రోజు క్యూ ఎక్కువ. మామూలు రోజు ఆరున్నరకు వెళితే, నల్లరాతి సూర్యనారాయణమూర్తి చేతుల్లోని తామరమొగ్గలు కూడా నిదానంగా చూసుకుని రావచ్చు. 7వ శతాబ్దంలో గాంగరాజు దేవేంద్రవర్మ ప్రతిష్ఠించాడని చెబుతారు.

సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజున వస్తే బాగుంటుందా అని కూడా అడిగారు. మార్చి 9, 10 ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు 1, 2 ప్రాంతంలో మరోసారి, ఉదయం ఆరు దాటాక కొద్ది నిమిషాలు ఆ కిరణాలు పడతాయి. ఏడాదికి రెండుసార్లే ఎందుకో మా పిల్లలకు బల్ల మీద గీసి చూపించేదాన్ని. మార్చి 21న, సెప్టెంబరు 23న సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మొదటి దానికి పదకొండు రోజుల ముందు, రెండో దానికి ఎనిమిది తొమ్మిది రోజుల తరవాత, అంటే రెండుసార్లూ ఉదయించే చోటు తూర్పుకు కాస్త దక్షిణంగా దాదాపు ఒక్కచోటే ఉంటుంది. ఒకసారి ఉత్తరానికి వెళుతూ, ఒకసారి దక్షిణానికి దిగుతూ అదే బిందువును దాటుతాడు. గుడి కట్టినవాళ్లు గోపురం నుంచి గర్భగుడి దాకా దారి ఆ బిందువుకు సూటిగా తెరిచి పెట్టారు. లెక్క అంత చక్కనిది, కానీ మబ్బు లెక్క వేరు. అక్టోబరు మొదటివారంలో మేము రెండుసార్లు చీకటితోనే వెళ్లి నిలబడ్డాం. ఒకసారి మబ్బు, ఇంకొకసారి నా ముందు నిలబడిన పెద్దమనిషి తలపాగా. వెళ్లాలంటే మార్చి మేలు. పెద్దవాళ్లతో అయితే ఆ రెండు వారాలూ, రథసప్తమీ వదిలేయండి. రథసప్తమికి అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం, నిజరూప దర్శనం ఉంటాయి, జనం ఊరి బయటి దాకా నిలబడతారు.

ఎనిమిదింటికల్లా శ్రీకూర్మంలో ఉండాలి. ఎక్కువ సమయం ఇక్కడికి దాచుకోండి.

కూర్మావతారానికి దేశంలో ఇదొక్కటే గుడి అని కారు డ్రైవరు దగ్గర్నుంచి అందరూ చెబుతారు. చిత్తూరు జిల్లా కూర్మాయిలో ఒకటి ఉంది, కర్ణాటకలో గవిరంగాపురంలోనూ ఉంది. ఒక్కటే కాకపోతే దీని గొప్ప తగ్గిపోదు. ఎంచేతంటే ఇక్కడ వింతలు చాలా ఉన్నాయి. స్వామి పడమటి ముఖం. ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. విష్ణ్వాలయమైనా రోజూ అభిషేకం జరుగుతుంది. రామానుజులు వచ్చినప్పుడు స్వామి ఆయన వైపు తిరిగాడని స్థలపురాణం. సింహాచలం గుడి కూడా పడమటి ముఖమే. ముందురోజు సింహాచలం చూసి వచ్చి ఉంటే మీకే అనిపిస్తుంది, ఈ రెండు గుళ్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయని. పోలిక పడమటి ముఖం ఒక్కటే కాదు, సింహాచలంలో లాగే ఇక్కడ కూడా నరసింహుడు ఉన్నాడు. ద్వైత మతాచార్యులు నరహరితీర్థులు ఈ కళింగ ప్రాంతంలో ఉన్నారు. ఇక్కడి 1281 నాటి శాసనం ఆయన యోగానంద నరసింహుణ్ణి ప్రతిష్ఠించిన సంగతి చెబుతుంది. కూర్మనాథుడి గుడిలో నరసింహుడేమిటని ఎవరైనా అడిగితే ఇదీ జవాబు.

గర్భగుడి దగ్గర అమ్మగారికి ముందే చెప్పండి. అలవాటుగా మన చూపు పైకి, నిలువెత్తు విగ్రహం కోసం పోతుంది. ఇక్కడ చూపు కిందికి దించాలి, తాబేలు రూపం నేలకు దగ్గరగా ఉంటుంది. మా అత్తగారు మొదటిసారి అలంకారమంతా చూసి, స్వామిని మాత్రం చూడకుండా బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లారు.

ప్రదక్షిణ మండపంలో రాతిస్తంభాల వరస, గోడల మీద పాత రంగుల చిత్రాలు. కొన్నిచోట్ల రంగు పెచ్చులు ఊడి, రాముడి కిరీటం ఉండి ముఖం ఉండదు, లేదా ముఖం ఉండి చుట్టూ కథ ఉండదు. దయచేసి వేలితో తడిమి చూడకండి. స్తంభాల మీద తెలుగు లిపిలోనే శాసనాలు కనిపిస్తాయి. ఒకటి రెండు అక్షరాలు పోల్చుకోవడం మంచి ఆట. పాత లిపిలో "క" పట్టుకుంటే మిగతావి మెల్లగా దొరుకుతాయి.

తాబేళ్లు గుడి ఆవరణలోనే కంచె లోపల ఉంటాయి. వీపు మీద నక్షత్రాల్లాంటి పసుపు గీతలున్న రకం. వాటికి ఆకుకూర పెట్టాలన్నా సంరక్షకులను అడిగే పెట్టండి, బిస్కెట్లు, అరటిపండ్లు విసరకండి. నేను ఒకసారి గుడి తెరిచేదాకా కూర్చుని ఒక ముసలి తాబేలు తోటకూర కాడ తినడం చూశాను. ముందు ముక్కుతో తోసి చూసింది. తరవాత మెడ సాగదీసి, కొసను పట్టుకుని, తల వెనక్కి లాగింది. కాడ తెగలేదు. ఇంకోసారి. అయిదారు ప్రయత్నాలయ్యాక ముందుకాలితో కాడను నేలకు అదిమిపట్టి మళ్లీ లాగింది. అప్పుడు తెగింది. ఆ ఒక్క కాడ పూర్తయ్యేసరికి గుడి తలుపులు తెరిచారు.

పితృకార్యం సంగతి. శ్రీకూర్మం ఈ ప్రాంతంవాళ్లకు కాశీతో సమానం. శ్వేతపుష్కరిణిలో అస్థికలు కలపడం, ఒడ్డున శ్రాద్ధం పెట్టడం చాలాకాలంగా ఉంది. పొద్దున్నే చేయించడం మంచిది, అందుకే రెండో రోజు ఉదయం దీనికి ఉంచమన్నాను. తిథి, గోత్రం, మూడు తరాల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక నాన్నగారిని "మీ ముత్తాతగారి పేరేమిటి" అని అడిగితే, ఆ కంగారులో ఆయనకు మీ పేరు కూడా గుర్తుకురాదు. పూజాసామగ్రికి, సంభావనకు ఎంతో ముందే మాట్లాడుకోండి, మధ్యలో మాట్లాడుకునే విషయం కాదది. కొత్త పంచె ఒకటి, తుడుచుకోవడానికి తువ్వాలు ఒకటి వెంట ఉండాలి. పుష్కరిణి మెట్లు పాచిపట్టి జారతాయి. నాన్నగారిని నీళ్ల దాకా దింపకుండా, మీరే చెంబుతో నీళ్లు పైకి తెచ్చివ్వండి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక, అమ్మానాన్నలు కారు నీడలో కూర్చుంటామంటే మీరు శాలిహుండం చూసి రండి. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలంలోవే. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, విహారాల పునాదులు. మెట్లెక్కాలి, నాన్నగారికి వద్దు. 1919లో దీన్ని మొదట బయటపెట్టింది ఎవరనుకున్నారు? మళ్లీ మన గిడుగువారే. ఇక్కడ తార, మారీచి వంటి బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. పై నుంచి చూస్తే వంశధార వెడల్పయి సముద్రం వైపు మళ్లడం కనిపిస్తుంది. బౌద్ధ భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో వేరే వివరణ అక్కర్లేదు. రేవు అటు, నది ఇటు, ఓడల్లో వచ్చే వర్తకులు దానాలు చేసే దూరంలో కొండ.

ఆ నది సముద్రంలో కలిసే చోటే కళింగపట్నం. ఒకప్పటి రేవు, ఇప్పుడు దీపస్తంభం, తీరం, పడవలు. సాయంత్రం అరగంట కూర్చోవడానికి బాగుంటుంది. నీళ్లలోకి దిగకండి. నదీముఖం దగ్గర ఇసుక అడుగున ఎప్పటికప్పుడు జరుగుతూ ఉంటుంది, మోకాలి లోతు అనుకున్నచోట మనిషి లోతు ఉంటుంది.

తేలినీలాపురం పక్షులు, బారువ తీరం కూడా కలపవచ్చా అన్నారు. ఈసారికి వద్దు.

ఏ నెల అంటే, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు ఈ తీరానికి తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ఎలా ఊడ్చిపెట్టాయో మాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. సింహాచలం చందనోత్సవం అక్షయ తృతీయకు వస్తుంది. ఏడాదికి ఆ ఒక్క రోజే నిజరూప దర్శనం, కానీ ఆ ఎండలో ఆ క్యూలో పెద్దవాళ్లను నిలబెట్టకండి. చలికాలంలో వస్తే రోడ్డు పక్కన కాల్చిన తాటి తేగలు అమ్ముతుంటారు, కట్ట కొనుక్కోండి. పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, నాన్నగారికి పలచగా చీల్చి ఇవ్వాలి.

తిరుగు ప్రయాణంలో కళింగపట్నం మానుకుంటే పొందూరుకు సమయం దొరుకుతుంది. చిలకపాలెం దగ్గర రహదారి దిగి లోపలికి వెళ్లాలి. ఎక్కడైనా ఖద్దరు దొరుకుతుంది కదా అనుకోకండి. ఇక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఎముకకు వరసగా ఉన్న సన్నని పళ్ల మధ్య నుంచి దూదిని లాగుతుంటే నలక అంతా పళ్లలో ఉండిపోతుంది, పోగు మాత్రం పట్టులా వస్తుంది. వడికే ఇంటికి వెళ్లి చూడాలంటే వెలుతురు ఉండగానే వెళ్లాలి. కాబట్టి మీకు సముద్రమా, ఖద్దరా అన్నది అక్కడే తేల్చుకోండి. మా ఇంట్లో ఆడవాళ్లం ఎప్పుడూ పొందూరే అంటాం. పితృకార్యానికి కావలసిన పంచె కూడా అక్కడే కొందామనుకుంటే మాత్రం మొదటి రోజు వెళ్లేటప్పుడే ఆగాలి. అప్పుడు ముఖలింగం గోడల మీది ఉదయపు ఎండ పోతుంది. హైదరాబాదు నుంచే పంచె తెచ్చుకోండి.